ఏ జోస్యమూ లేని బిడ్డను ఎవరు సాకుతారు?



ఈ పోస్టు కొంచెం పొడుగుంటుంది. తీరిక ఉన్నప్పుడే చదవండి. సినిమాల గురించే రాస్తున్నాం గానీ ఇది రివ్యూ కాదు. హీరో ఎంట్రీ ఎట్లుంది, గ్రాఫిక్స్ ఎట్లున్నాయి అని చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ పని మాకొద్దు.

కొన్నాళ్ళుగా మా హాస్టల్లో ఆదివారం పూట ఒక ల్యాప్‌టాప్ చుట్టూ చేరి సైన్స్ ఫిక్షన్ సినిమాలు వరసబెట్టి చూస్తున్నాం. తెలుగువి, డబ్బింగువి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఇంగ్లీషువి. అట్ల చూస్తా ఉంటే మాలో ఒకడు అడిగినాడు: "ఏమప్పా, ఒక్క సినిమాలోనన్నా అమ్మా నాయనా ఇద్దరూ ఇంట్లో ఉండి సాకిన పిల్లోడు ఉండడేంది?" లెక్కేసి చూస్తే నిజమే. ఒకని తల్లి చచ్చిపోయింటుంది, ఇంకొకని నాయన ఆకాశంలోకి పోయింటాడు. ఒక పాపను రోబో పెంచుతుంటే ఇంకో పాపను ఎవరికీ ఏమీ కాని మనిషి ఎత్తుకుని పరుగెత్తుతుంటుంది. అదంతా వచ్చేకాలం కదా, అప్పటికి కుటుంబాలు అట్ల అయిపోతాయని చూపిస్తున్నారు అని ఇంకొకడు చెప్పినాడు. వెంటనే మూల నుంచి ఒక గొంతు: "అట్లయితే మా తండా 2898లో ఉన్నట్టే."

అందరం నవ్వినాం. నవ్వు అయిపోయినాక వాదన మొదలైంది. ఆ వాదనలో తేలిన మాటలే ఇక్కడ పెడుతున్నాం.

ముందు ఇంటర్‌స్టెల్లార్ సంగతి చెప్పాల. క్రిస్టఫర్ నోలన్ 2014లో తీసిన సినిమా. భూమి మీద పంటలు ఒక్కొక్కటే తెగులు పట్టి పోతుంటాయి, మొక్కజొన్న ఒకటే మిగులుతుంది. ఊళ్ళ మీదికి దుమ్ము తుఫాన్లు లేస్తాయి. సినిమా మొదట్లో కొందరు ముసలోళ్ళు కెమెరా ముందు కూచుని ఆ దుమ్ము గురించి, కంచాలు బోర్లించి పెట్టుకునే రోజుల గురించి చెప్తారు. మేం వాళ్ళను నటులనే అనుకుంటిమి. తర్వాత చదివితే తెలిసింది, వాళ్ళలో ఒకామె తప్ప మిగతావాళ్ళు నిజం మనుషులు. 1930లలో అమెరికాలో డస్ట్ బౌల్ అనే కరువు వచ్చింది. దాన్ని చిన్నప్పుడు అనుభవించినవాళ్ళు కెన్ బర్న్స్ 2012 డాక్యుమెంటరీలో చెప్పిన మాటలను తీసుకుని నోలన్ తన సినిమాలో పెట్టినాడు. అంటే వచ్చేకాలం అని చూపించేదాని కింద జరిగిపోయిన కాలం ఉంది. ఎవరికో అది అవ్వాతాతల నాటి సంగతి.

మనకైతే అంత దూరం కూడా పోనక్కరలేదు. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి ఒడ్డున పొలాల మీదికి ఇసుక ఎట్ల ఎక్కుతుందో ఆ పక్క వాళ్ళకు తెలుసు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మనది, అది కూడా శెనక్కాయకు కావాల్సిన రోజున పడదు. కాబట్టి ఆ సినిమాలో పొలం, దుమ్ము, వాకిట్లో నిలబడి ఆకాశం చూసే రైతు, ఇవేవీ మాకు వింతగా అనిపించలేదు. మేం పట్టుకున్నది ఆ ఇంట్లో ఉండే ఇంకో మనిషిని.

హీరో కూపర్‌కు భార్య లేదు, చనిపోయింది. కొడుకు టామ్, కూతురు మర్ఫ్. ఇంట్లో కూపర్ మామ ఉంటాడు, పేరు డోనాల్డ్. మనుషులు బతకడానికి ఇంకో గ్రహం వెతకాలని కూపర్ వెళ్ళిపోతాడు. పిల్లలను ఎవరు చూస్తారు? డోనాల్డ్ చూస్తాడు. ఇంక కథంతా ఆకాశంలోనే. ఒక నీళ్ళ గ్రహం మీద గంట గడిస్తే భూమి మీద ఏడేళ్ళు గడుస్తాయి. కూపర్ తిరిగి ఓడలోకి వచ్చేసరికి 23 ఏళ్ళ వీడియో మెసేజ్‌లు పేరుకుని ఉంటాయి. ఒక్కొక్కటే చూసుకుంటా ఏడుస్తాడు. మేమూ ఏడ్చినాం, అబద్ధం ఎందుకు. ఆ మెసేజ్‌లలో ఒకదాంట్లో టామ్ చెప్తాడు, తాత చనిపోయినాడు, అమ్మ పక్కనే పూడ్చినాం అని.

అంతే. రెండు ముక్కలు. ఇద్దరు పిల్లలను సాకి పెద్దచేసిన మనిషి చావు మనకు కనపడదు, వార్తగా వినపడుతుంది. సినిమా దాదాపు మూడు గంటలుంది. పోయినోని కన్నీళ్ళకు అంత టైము ఉంది. ఉండిపోయినోని చావుకు ఒక దినం కూడా చేయలేదు.

ఈ గ్రూపులో ఉన్న మనలో ఎంతమందిని డోనాల్డ్‌లు సాకినారో ఒకసారి ఆలోచించండి. తండాలో దాది అంటాం, నాని అంటాం, బయట అవ్వ అంటారు, జేజి అంటారు. అమ్మానాయనలు బేల్దారి పనికి బెంగుళూరు పోతారు. కర్నూలు పడమటి మండలాల వాళ్ళు సుగ్గికి పోతారు. కదిరి వైపు నుంచి ఆడవాళ్ళు కువైట్‌కు పోతారు, ఇళ్ళల్లో పనికి. అక్కడ ఒక అమ్మ వేరేవాళ్ళ బిడ్డకు పాలు కలిపి, స్నానం చేయించి, నిద్రపుచ్చుతుంది. ఇక్కడ ఆమె బిడ్డను అవ్వ సాకుతుంది. అవ్వ పని ఆగిపోతే ఇంటి పెద్దపిల్ల బడి మానేస్తుంది. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 2000లో దీనికి గ్లోబల్ కేర్ చైన్ అని పేరు పెట్టింది. గొలుసు చివర ఎప్పుడూ ఒక ముసలామెనో, పన్నెండేళ్ళ అక్కనో ఉంటుంది. మన వాయిస్ మెసేజ్‌లు కూడా కూపర్ వీడియోల మాదిరే. "తిన్నావా నాయనా, ఫీజు కట్టినావా" అని రాత్రి పన్నెండుకు వచ్చినదాన్ని మేం తెల్లారి ఆరుకు వింటాం.

ఇట్ల చూడడం మొదలుపెట్టినాక పాత సినిమాల్లో కూడా ఇదే కనపడింది. స్టార్ వార్స్ 1977 నాటిది. ల్యూక్ అనే పిల్లోణ్ణి ఎడారి గ్రహంలో ఓవెన్ అనే పెద్దాయన, ఆయన భార్య బెరూ సాకుతారు. గాలిలోని చెమ్మను పట్టి నీళ్ళు చేసుకునే రైతులు వాళ్ళు. అనంతపురం వాళ్ళం కదా, మాకు ఆ సినిమాలో కత్తుల కంటే ఆ నీళ్ళ మిషన్ మీదనే కన్ను పడింది. కాసేపటికే సైనికులు వచ్చి ఇద్దరినీ తగలబెట్టిపోతారు. ల్యూక్ ఒక నిమిషం చూసి, ఇంక ఇక్కడ నాకేమీ లేదని బయలుదేరతాడు. టెర్మినేటర్ 2, 1991ది, ఇంకా ఘోరం. తల్లిని పిచ్చాసుపత్రిలో పెడితే జాన్ పెంపుడు తల్లిదండ్రుల దగ్గర ఉంటాడు. విలన్ యంత్రం వాళ్ళను చంపేసి పెంపుడు తల్లి రూపంలోనే ఫోన్ ఎత్తుతుంది. ఆ సినిమాలో మంచి రోబో నాయన కంటే మేలు అనిపిస్తుంది, మనుషులైన పెంపుడు తల్లిదండ్రులు మాత్రం దేనికీ పనికిరానట్టు ఉంటారు. న్యాయంగా చెప్పాలంటే సూపర్‌మ్యాన్ కథ వేరే. ఆకాశం నుంచి పడిన బిడ్డను సాకిన కెంట్ దంపతులు రైతులే, వాళ్ళు నేర్పిన బుద్ధే అతని బలం అని ఆ కథ ఒప్పుకుంటుంది. ఏలియన్స్ కూడా, 1986ది. ఎవరికీ ఏమీ కాని రిప్లీ, అందరినీ పోగొట్టుకున్న న్యూట్ అనే పాప కోసం రాక్షసి గూట్లోకి ఒక్కతే దిగుతుంది. ఆ ఇద్దరి మధ్య రక్తం లేదు, కాగితం లేదు. మా ఓట్లలో ఎక్కువ ఆ సినిమాకే పడినాయి.

ఇంక మన తెలుగు సినిమాకు వద్దాం. కల్కి 2898 ఏడీ, నాగ్ అశ్విన్ తీసినాడు, 2024 జూన్ 27న వచ్చింది. అందరూ చూసినదే కాబట్టి కథ చెప్పం. కాంప్లెక్స్ అనే తలకిందుల పిరమిడ్‌లో నీళ్ళు, చెట్లు, తిండి అన్నీ ఉంటాయి. కింద కాశీలో దుమ్ము, ఆకలి. గర్భం మోయగలిగిన ఆడపిల్ల దొరికితే పట్టుకుని కాంప్లెక్స్‌కు తోలుతారు. అక్కడ వాళ్ళకు పేర్లు ఉండవు. దీపికా పదుకొణె పాత్రను సమ్-80 అని పిలుస్తారు. కడుపులో పెరిగే బిడ్డ నుంచి సారం తీసి, ఎప్పుడో చావాల్సిన ఒక ముసలి దొరను బతికిస్తుంటారు. తప్పించుకుని శంబల దారి పట్టినాకే ఆమెకు సుమతి అని పేరు వస్తుంది. నెంబరు పోయి పేరు వచ్చే ఆ చోటు మాకు బాగా నచ్చింది. శంబలలో పెద్దామె పేరు మరియమ్ అని వినపడగానే మా సుగాలి పిల్లోళ్ళు "మన మేరామ యాడి రా" అని అరిచినారు. దర్శకునికి ఆ ఉద్దేశం ఉందని కాదు, మాకు అట్ల వినపడింది.

కానీ మా కంప్లైంట్ కూడా ఈ సినిమా మీదే ఎక్కువ ఉంది. ఎందుకంటే ఇది మన భాషలో తీసిన సినిమా.

భైరవను చిన్నప్పుడు సాకింది కెప్టెన్ అనే మనిషి, దుల్కర్ సల్మాన్ వేసినాడు. వచ్చినట్టే వచ్చి పోతాడు. రాయా అని ఒక పిల్ల ఉంది, ఆడపిల్ల అని తెలిస్తే పట్టుకుపోతారని మగపిల్లోని వేషంలో తిరుగుతుంది. అశ్వత్థామ ఆ పిల్లను కాపాడతాడు. ఇంత మంచి కథలు పెట్టుకుని సినిమా అటు పోదు. పోయేదంతా సుమతి కడుపు వైపే. అందరూ ఆమెను అమ్మా అనే పిలుస్తారు, ఆమెకు ఏం కావాలని అడిగేవాళ్ళు తక్కువ. కాంప్లెక్స్‌కు ఆ కడుపు మందు. శంబలకు ఆ కడుపు గుడి. రెండు చోట్లా ఆ మనిషి తర్వాతే వస్తుంది. చివర్లో భైరవ ఎవరంటే కర్ణుడు అని తెలుస్తుంది, థియేటర్లో విజిళ్ళు. సరే, కర్ణుడు ఎవరు? కుంతి నీళ్ళలో వదిలితే సూతుడైన అధిరథుడు, రాధ ఎత్తుకుని సాకిన బిడ్డ. తల్లి కుంతి అని తెలిసినాక కూడా రాధేయుడు అనే పేరు వదలనివాడు. ఆరు వేల ఏళ్ళు దాటి కర్ణుని విల్లు వచ్చింది, రాధ రాలేదు.

దీని వెనక ఒక సంగతి ఉంది, మా వాదనలో ముఖ్యమైనది అదే. ఈ సినిమాల్లో పరాయి బిడ్డను కాపాడేది ఎందుకంటే, ఆ బిడ్డ లోకాన్ని కాపాడేవాడు కాబట్టి. సుమతి కడుపులో ఉన్నది అవతారం. జాన్ పెద్దయినాక యంత్రాల మీద యుద్ధానికి నాయకుడు. మర్ఫ్ మనుషులందరినీ బతికించే లెక్క కనిపెడుతుంది. ల్యూక్ సంగతి సరే సరి. జోస్యం ఉన్న బిడ్డను ఎవరైనా సాకుతారప్పా. రాజులూ సాకుతారు, రోబోలూ సాకుతాయి. ఏ జోస్యమూ లేని బిడ్డ, లెక్కల్లో 35 మార్కులు తెచ్చుకునే బిడ్డ, రేపు బేల్దారి పనికే పోవచ్చు అనుకునే బిడ్డ, వాన్ని ఎవరు సాకుతారు? మన అవ్వలు సాకినారు. మేనత్తలు సాకినారు. తమ పిల్లలు నలుగురుంటే ఐదో కంచం పెట్టినారు. ఆ కథకు సినిమాలో చోటు లేదు.

రోబో తల్లుల సినిమాలు రెండు చూసినాం. ఐ యామ్ మదర్ 2019లో వచ్చింది. మనుషులందరూ పోయినాక ఒక బంకర్‌లో దాచిపెట్టిన పిండాల నుంచి ఒక పాపను పుట్టించి రోబో పెంచుతుంది. శుభ్రంగా, ప్రేమగా, పరీక్షలు పెట్టి పెంచుతుంది. ఆ పరీక్ష తప్పితే ఏమవుతుందో తెలిసినప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది. ది వైల్డ్ రోబో 2024ది, బొమ్మల సినిమా. అడవిలో పడిన రోజ్ అనే రోబో వల్ల ఒక బాతు గూడు నలిగిపోతుంది, ఒక గుడ్డు మిగులుతుంది. అందులోంచి వచ్చిన పిల్ల రోబోనే తల్లి అనుకుంటుంది. రోజ్‌కు పిల్లను పెంచడం రాదు. వేరే జంతువులను అడిగి నేర్చుకుంటుంది. ఈత రాదు, ఎగరడం రాదు, అయినా నేర్పిస్తుంది, చలికాలం రాగానే వలస గుంపుతో పంపిస్తుంది. మొదటి రోబోకు అన్నీ తెలుసు, అందుకే ఎవరినీ అడగదు, తలుపు వేసి పెడుతుంది. రెండోదానికి ఏమీ తెలియదు, అడుగుతుంది, తలుపు తీసి పెడుతుంది. మా జూనియర్ తమ్ముళ్ళు ఇది చూసినాక రెండు రోజులు అదే మాట్లాడుకున్నారు.

పిల్లలను మెషిన్ మాదిరి ఒక వ్యవస్థ పెంచడం అనేది కూడా మనకు కల్పన కాదు, గ్రూపులో తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాం. తెల్లోళ్ళు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చినారు. పుట్టుకతోనే దొంగ జాతి అని ముద్ర వేసే చట్టం. 1911 తర్వాత మన మద్రాసు రాజ్యంలో కూడా అమలు చేసినారు. యెరుకల వాళ్ళను, ఇంకెన్నో సంచార జాతులను సెటిల్మెంట్లలో పెట్టినారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం, నెల్లూరు వైపు కావలి, ఇవన్నీ అట్ల పుట్టినవే. లంబాడీల మీద కూడా ఆ ముద్ర పడింది. రోజూ హాజరు పలకాల, ఊరు దాటాలంటే పాసు కావాల. ఆ చట్టంలో ఒక భాగం ఏమంటే, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి వేరే చోట బడిలో, పనిలో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది. ఎందుకు? తల్లిదండ్రుల దగ్గర ఉంటే చెడిపోతారంట. ప్రేమలేక కాదు, జాతి వల్ల ఆ తల్లి తల్లిగా పనికిరాదని రాసిపెట్టినారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. మన తాతల కాలం అది, పురాణం కాదు. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలను ఇట్లే ఎత్తుకుపోయినారు, 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పినాడు. మన సెటిల్మెంట్ పిల్లలకు అట్లాంటి క్షమాపణ చెప్పినట్టు మేం ఎక్కడా చదవలేదు.

ఇంకా దగ్గరిది కావాలంటే నల్గొండ జిల్లా దేవరకొండ తండాలు. 1999లో ఒకసారి, 2001లో ఇంకోసారి బయటపడింది. లంబాడీ ఇళ్ళల్లో పుట్టిన ఆడపిల్లలను దళారులు కొన్ని వేలకు తీసుకుని దత్తత కేంద్రాలకు చేర్చినారు, అక్కడి నుంచి విదేశాలకు పంపే దారి. కేసులైనాయి, పేపర్లన్నీ రాసినాయి. అప్పుడు అందరూ తండా తల్లులను తిట్టినారు, బిడ్డను అమ్ముకుంటారా అని. కొన్నవాళ్ళను, మధ్యలో డబ్బు చేసుకున్నవాళ్ళను అంత తిట్టలేదు. కల్కిలో ఆడపిల్లను యూనిట్లకు అమ్మే సీను వచ్చినప్పుడు మా ముందు కూచున్న ఇంజనీరింగ్ అబ్బాయిలు పాప్‌కార్న్ తింటా ఉండినారు. తప్పని కాదు, వాళ్ళకు అది సినిమా.

అట్లయితే మన హాస్టళ్ళు ఏమి? కాంప్లెక్సా, శంబలా? ఈ ప్రశ్న మీద మాలో ఒక రాత్రి ఒంటి గంట దాకా గొడవ జరిగింది.

మాలో చాలామందిమి ఐదో తరగతి నుంచి హాస్టల్లోనే ఉన్నాం. ఇంకొందరు వలస పోయే ఇళ్ళ పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కింద పెట్టిన సీజనల్ హాస్టళ్ళలో మొదలైనారు. ఇంకొందరికి ఆర్‌డీటీ స్పాన్సర్‌షిప్ ఉండింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన సంస్థ కదా, స్పెయిన్‌లో ఎవరో ఒక కుటుంబం మన ఫోటో గోడకు పెట్టుకుని ఉత్తరం రాస్తుంది, మనం బొమ్మ గీసి తిరిగి పంపుతాం. ముఖం చూడని మనిషి మన చదువుకు తోడు. సైన్స్ ఫిక్షన్ వాళ్ళు కూడా ఇట్లాంటి బంధుత్వం ఊహించలేదు.

హాస్టల్లో నెంబర్లు ఉంటాయి. ట్రంకు పెట్టె మీద పెయింటుతో నెంబరు, కంచం మీద మొలతో గీకిన నెంబరు. చిన్నప్పుడు మేమున్న ఒక హాస్టల్లో రాత్రి పడుకునే ముందు మన భాషలో మాట్లాడుకుంటే "ఆ దొంగ భాష ఆపండి" అని అరిచేవాళ్ళు. 1871 నాటి మాట ఆ నోట్లోకి ఎట్ల వచ్చిందో అప్పుడు మాకు తెలియదు. ఇదొక పక్క. ఇంకో పక్క, జ్వరమొస్తే వంట చేసే అక్క గంజి కాచి ఇచ్చింది. తొమ్మిదో తరగతి అన్నలు మాకు తలకు పోసి, పేలు తీసి, గుండీలు కుట్టి, ఇంటికి ఉత్తరం రాయడం నేర్పినారు. పక్క తడిపిన పిల్లోని దుప్పటి ఎవరికీ తెలియకుండా తెల్లారేలోపు ఉతికి ఆరేసిన అన్న ఒకాయన ఉన్నాడు. ఏ జీవోలోనూ ఈ పనులు రాసి ఉండవు. వ్యవస్థ మాకు గోడలు, అన్నం ఇచ్చింది, అది చిన్న విషయం కాదు, దానివల్లే మా ఇళ్ళల్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చినాం. కానీ ఆ గోడల మధ్య సాకింది మాత్రం మనుషులే. వాళ్ళు ఎక్కువగా మనకంటే మూడేళ్ళు పెద్ద పిల్లలు.

కాబట్టి కాంప్లెక్సా శంబలా అని గోడలను చూసి చెప్పలేం. పండక్కి ఇంటికి పంపుతారా, అవ్వ చూడ్డానికొస్తే గేటు దగ్గర కూచోబెడతారా లోపలికి రమ్మంటారా, నెంబరుతో పిలుస్తారా పేరుతో పిలుస్తారా, ఇవి చూస్తే తెలుస్తుంది.

మాలో ఒకడు దీనికి గట్టిగా అడ్డం తిరిగినాడు. వాని మాట కూడా పెట్టాల. "మీరు చెప్పేది విని మన కుటుంబాలు ఏదో గొప్ప అనుకుంటారు. అమ్మ బెంగుళూరులో ఉంటే నేను అవ్వ దగ్గర ఉండింది ఎవరో ఎంచుకుని చేసిన పని కాదు. వాన లేక, అప్పుకు వడ్డీ కట్టలేక పోయినారు. అవ్వకు కళ్ళు కనపడవు, నాకు వండి పెట్టలేక ఏడ్చేది. దాన్ని సినిమా తీసి చప్పట్లు కొడతారా?" వాడు చెప్పింది నిజం. ఒకే ఒక జీవితం అని 2022లో ఒక సినిమా వచ్చింది, చనిపోయిన అమ్మను కాపాడుకోవడానికి కొడుకు టైం మెషిన్‌లో 1998కి పోతాడు. అమల అమ్మగా వేసింది. ఆ సినిమా అయినాక రూములో లైటు వేయడానికి ఎవరూ లేవలేదు. ఎవరు సాకినా, ఎంత బాగా సాకినా, అమ్మ కావాలనిపించడం పోదు. మేం దాన్ని కాదనడం లేదు. అమ్మానాయనలు ఊళ్ళోనే ఉండి బతికేంత నీళ్ళు, పని ఉండాల. అది ముందు. అది వచ్చేలోపు సాకుతున్నవాళ్ళను లెక్కలోకి తీసుకోండి అంటున్నాం, అంతే.

ఎందుకంటే లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో మేం చూసినాం. మా క్లాసులో ఒకణ్ణి మేనత్త సాకింది. సర్టిఫికెట్ పని మీద ఆమెతో ఒక ఆఫీసుకు పోతే, తల్లి రావాల అన్నారు. తల్లి కువైట్‌లో ఉంది. తండ్రి? లేడు. మరి ఈమె ఎవరు? అత్త. అత్త చెల్లదు. మూడు తూర్లు తిరిగింది ఆమె, మూడు రోజుల కూలి పోయింది. పథకాల పేర్లలో అమ్మ ఉంటుంది. అమ్మ ఒడి 2020 జనవరిలో మొదలైనప్పుడు తల్లి లేదా సంరక్షకుల ఖాతాలో అనే రాసినారు, నియమంలో తప్పు లేదు. కానీ కౌంటరు దగ్గర కూచున్న మనిషి మనసులో ఉండే కుటుంబం వేరే. అమ్మ, నాన్న, బాబు, పాప, గోడ మీద కుటుంబ నియంత్రణ బొమ్మ మాదిరి. ఆ బొమ్మ ఆయన మనసులోకి యాడ నుంచి వచ్చింది? బడి పుస్తకాల నుంచి, సినిమాల నుంచి. అందుకే మేం ఆదివారాలు సినిమాల మీద ఇంత గొడవ పడేది.

మన దగ్గర వేరే బొమ్మలు లేక కాదు. గుత్తి దగ్గర సేవాగఢ్‌కు ప్రతి ఫిబ్రవరిలో వేలమంది పోతాం. సేవాలాల్ మహరాజ్ పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. అయినా గోర్ జాతి అంతా ఆయన్ను బాపు అంటుంది. ఎవరికీ అది విచిత్రంగా అనిపించదు. తండాలో ఒక యాడి చనిపోతే ఆ బిడ్డ ఎవరి పాలు తాగిందో ఆ ఇంటితో జీవితాంతం బంధుత్వం ఉంటుంది. ఈ గ్రూపులో షార్ట్ ఫిలిములు తీసే అన్నలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. రాకెట్ అక్కరలేదు, గ్రాఫిక్స్ అక్కరలేదు. నాయన వేరే గ్రహానికి పోయినాడు, కెమెరా ఆయన వెంట పోకుండా ఇంటి దగ్గరే ఆగింది అనుకోండి. 23 ఏళ్ళు డోనాల్డ్ ఏం చేసినాడు? మర్ఫ్‌కు జ్వరమొచ్చిన రాత్రి ఏం చేసినాడు, టామ్ బడికి పోనని మొండికేస్తే ఏం చెప్పినాడు, దుమ్ము ఊడ్చి ఊడ్చి నడుం పడిపోతే ఎవరికి చెప్పుకున్నాడు? అది తీయండి. డోనాల్డ్‌కు చీర కట్టి, పేరు దాది అని పెట్టండి. రాయడానికి మేం తోడుంటాం.

ఇంకొక పని. అడ్మిషన్ల టైము వస్తా ఉంది. ఇంటి దగ్గర తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఫారాలు నింపేటప్పుడు సంరక్షకులు అనే గడి ఖాళీ వదిలేయనీయొద్దు. సాకినవాళ్ళ పేరు, వరస రాయించండి. అవ్వ ఆధార్‌లో, రేషన్ కార్డులో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒకే తీరుగా ఉందా అని ఇప్పుడే చూసుకోండి, ఒక అక్షరం తేడా ఉన్నా తర్వాత తిప్పుతారు. వేలిముద్ర పడని ముసలోళ్ళు ఉంటే ముందే చెప్పండి. అనంతపురంలో ఆఫీసుకు తోడు రావాల్సి వస్తే ఊరి పేరు, రోజు గ్రూపులో పెట్టండి. క్లాసు లేని పూట మాలో ఇద్దరం వస్తాం.